పాడైన నేల మరల చిగురించుటలో సంఘము వంతు

(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ నూరేండ్లలో దేవుడు మన డయోసీసుకు చేసిన మేలులను గూర్చి పెద్దలు చక్కగా చెప్పియున్నారు. బడులు, ఆసుపత్రులు, హాస్టళ్లు, దేవాలయములు ఏలాగు లేచినవో విని సంతోషించితిమి. మాకు ఇచ్చిన అంశము వేరు. పాడైపోయిన అడవులు, చెరువులు, సముద్రతీరములు మరల బాగుపడుటకు పనిచేయుచున్న సంస్థలకు మనము ఏల తోడ్పడవలెను, ఏ విధముగా తోడ్పడవలెను అనునది ఆ అంశము. ఇంగ్లీషులో ఈ పనిని రీవైల్డింగు అనుచున్నారు. మనుష్యుడు చెరిపిన దానిని సరిచేసి, ఆ పైన అడవి అడవిగాను, చెరువు చెరువుగాను తమ పని తాము చేసికొనుటకు చోటిచ్చుట అని దాని భావము.

ఇది మన సభలలో తరచు వినబడు మాట కాదు. ఆత్మల సంగతి చూడవలసిన సంఘమునకు పక్షుల సంగతి ఎందుకని కొందరు అనుకొనవచ్చును. ఆ సందేహమునకు ముందు సమాధానము చెప్పి, తరువాత మన తెలుగు నేలమీద జరిగిన మూడు సంగతులు మీ యెదుట ఉంచుదుము. మూడింటినుండి మూడు పాఠములు నేర్చుకొని, చివరగా మన డయోసీసు ఏమి చేయవచ్చునో మనవి చేయుదుము.

వాక్యములో ఉన్న ఆధారము

ఆదికాండము రెండవ అధ్యాయములో మొదటి మానవునికి దేవుడు అప్పగించిన పని తోటపని. దానిని సాగుచేయుట ఒకటి, దానిని కాచుట రెండవది. మనము మొదటి సగమును బాగుగా నేర్చుకొంటిమి. రెండవ సగము జ్ఞాపకము చేయువారు తక్కువ. మోషే ధర్మశాస్త్రమును చదివినచో, ఏడవ యేట నేలకు విశ్రాంతి ఇయ్యవలెననియు, ఆ యేట తానుగా మొలిచినది బీదలకును ఆ తరువాత అడవి మృగములకును చెందవలెననియు ఉన్నది. పక్షి గూడు కనబడినప్పుడు పిల్లలతో కూడ తల్లిని పట్టుకొనరాదని ద్వితీయోపదేశకాండములో ఉన్నది. పట్టణమును ముట్టడించు సైన్యము సయితము ఫలవృక్షములను నరకరాదని అదే గ్రంథము నిషేధించుచున్నది. అపొస్తలుడైన పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో విమోచన కొరకు కనిపెట్టువారిలో సృష్టినంతటిని చేర్చియున్నాడు.

ఇవి కొత్తగా కల్పించిన మాటలు కావు. మన బైబిళ్లలో ఎప్పటినుండియో ఉన్నవే. ఈ బోధ ఉన్నదని తెలిసికొనుట సులువే. దానిని నేలమీద నెరవేర్చుట మాత్రము సులువు కాదు. మంచి మనస్సు ఉండియు తెలివిలేక చేసిన పని నిలువదు. అందుచేతనే ఈ మూడు సంగతులు చెప్పదలచితిమి.

1. నీటికి దారి: గోదావరి, కృష్ణా మడ అడవులు

గోదావరి సముద్రములో కలియు చోట, కాకినాడకు దక్షిణముగా, కోరింగ మడ అడవి ఉన్నది. 1978లో ప్రభుత్వము దానిని అభయారణ్యముగా ప్రకటించినది. దాని విస్తీర్ణము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. నల్లమడ, తెల్లమడ, తిల్ల, కళింగ మొదలైన చెట్లు అక్కడ ఉప్పునీటిలో నిలిచి పెరుగుచున్నవి. వాటి వేళ్ల నడుమ రొయ్యపిల్లలు, పీతలు, చేపపిల్లలు పెరిగి పెద్దవై సముద్రములోనికి పోవును. బావురుపిల్లి, నీటికుక్క అక్కడ తిరుగును. తీరమున వల వేయువాని కూడు చాలవరకు ఆ వేళ్ల మధ్యనే పుట్టుచున్నది. కృష్ణానది ముఖమునను ఇట్టి అడవులే ఉన్నవి.

మడ అడవి విలువ ఎట్టిదో మన తీరపు సంఘములకు ఒకరు చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెనలో వేలమంది కొట్టుకొనిపోయిరి. 1996 నవంబరు 6న కాకినాడ ప్రాంతమును తుపాను కొట్టినది. ఎంత గొప్ప ఉప్పెననైనను మడ అడవి పూర్తిగా ఆపునని ఎవరును చెప్పజాలరు. అయితే అల యొక్క బలమును విరుచుటలోను, మట్టిని పట్టి ఉంచుటలోను వట్టి ఇసుకతీరము కంటె చెట్టున్న తీరము మేలని చెప్పవచ్చును.

ఈ అడవులలో పెద్ద పెద్ద ఖాళీలు ఏర్పడినవి. ఎక్కడ చూచినను మోడుబారిన నేల, పైన తెల్లని ఉప్పు పొర. పల్లెవారు కట్టెలు కొట్టుటచేతను, పశువులను తోలుటచేతను ఇట్లయినదని చాలకాలము అనుకొనిరి. అక్కడ మొక్కలు నాటినను చచ్చిపోవుచుండెను. 1988లో మద్రాసున స్థాపింపబడిన ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు 1990ల నాటినుండి తూర్పుతీరపు మడ అడవులను పరిశీలించి, అసలు కారణము కనుగొనిరి. పూర్వము కూపులుగా విభజించి ఒక్కొక్క కూపును వరుసగా మొదలంట నరుకు పద్ధతి ఉండెడిది. చెట్టు పోయిన చోట ఎండ నేరుగా నేలను కొట్టెను. బంకమట్టిలోని తేమ ఆరిపోగా నేల క్రుంగి పళ్లెము వలె గుంటపడెను. పోటుకు వచ్చిన సముద్రపునీరు ఆ పళ్లెములో నిలిచిపోయి, ఆటుకు వెనుకకు పోలేక, అక్కడనే ఎండి ఉప్పగుచుండెను. ఏటేట ఉప్పు పెరిగినది. ఆ ఉప్పులో మడమొక్క సయితము బ్రదుకజాలదు.

కారణము తెలిసిన తరువాత మందు కష్టము కాలేదు. ఏటి పాయనుండి ఒక పెద్ద కాలువను, దానికి ఇరుప్రక్కల చిన్న కాలువలను, చేప వెన్నెముకకు ముండ్లు ఉన్నట్లుగా త్రవ్విరి. పోటునీరు లోపలికి వచ్చి, ఆటుకు తిరిగి పోవుటకు దారి ఏర్పడినది. ఉప్పు కడిగివేయబడినది. అప్పుడు ఆ కాలువల గట్ల వెంబడి మొక్కలు నాటిరి. అటవీశాఖవారు, సంస్థవారు, పల్లెలలోని వన సంరక్షణ సమితులవారు కలిసి ఈ పని చేసిరి. కాలువలు త్రవ్వినది పల్లె స్త్రీపురుషులే. వాటిలో మరల పేరుకొను ఒండ్రును తీయవలసినవారును వారే. కొన్ని యేండ్లకు మోడునేల పచ్చబడినది. నాటని మొక్కలు కూడ, పోటుతో కొట్టుకొనివచ్చిన విత్తనములనుండి, తమంతట తామే లేచినవి.

ఇందులో మొదటి పాఠమేమి? మొక్కను నాటుట కంటె ముందు నీటికి దారి విడువవలెను. చెడుటకు కారణమేమో తెలిసికొనక చేయు బాగు నిలువదు. మన సంఘములలో పర్యావరణ దినమున మొక్క నాటుదుము, ఫోటో తీయించుకొందుము. వేసవి వచ్చుసరికి ఆ గుంట మాత్రమే మిగులును. దాని వెనుక ఉన్న సదుద్దేశమును మేము తక్కువ చేయము. అయితే ఏ నేలకు ఏమి కావలెనో యేండ్ల తరబడి కనిపెట్టి చెప్పువారు ఒకరుండవలెను. ఆ పని ఒక్క ఆదివారములో ముగియునది కాదు. పరిశోధన సంస్థలు ఉన్నది అందుకొరకే.

2. ముండ్లపొదల కావలి: కడప కలివికోడి

రెండవ సంగతి రాయలసీమది. దీనిలో మన మిషనరీల చరిత్రయు కొంత కలిసియున్నది.

కలివి పొదలలో తిరుగు ఒక చిన్న పక్షి ఉన్నది. దానిని కలివికోడి అందురు. పగలు దాగియుండి, రాత్రివేళ నేలమీద పరుగెత్తి పురుగులను ఏరుకొని తినును. మద్రాసు సైన్యములో డాక్టరుగా ఉండిన జెర్డన్ అను ఆయన ద్వారా 1848లో ఇది శాస్త్రలోకమునకు తెలిసినది. అందుచేత ఇంగ్లీషులో దీనికి ఆయన పేరు పెట్టిరి. పెన్నా లోయలోను గోదావరి లోయలోను తప్ప లోకములో మరెక్కడను ఇది కనబడినట్లు దాఖలా లేదు. 1900లో అనంతపురము ప్రాంతమున దీనిని చూచి వ్రాసినవారు హోవర్డ్ క్యాంబెల్ దొరగారు. ఆయన లండన్ మిషనరీ సొసైటీవారి మిషనరీ. కడప, గుత్తి ప్రాంతములలో సువార్తపని చేసిరి. వాక్యమును ప్రకటించిన ఆ మనుష్యుడే సీతాకోకచిలుకలను, పక్షులను శ్రద్ధగా పరిశీలించుచుండెను. సృష్టిని చూచుట తన పిలుపునకు అడ్డమని ఆయన తలంచినట్లు కనబడదు.

క్యాంబెల్ గారి తరువాత 86 సంవత్సరములు ఆ పక్షి ఎవరికిని కనబడలేదు. పలుమారులు వెదకినను దొరకలేదు. అంతరించిపోయినదనియే అందరు నమ్మిరి. 1883లో స్థాపింపబడిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మాత్రము వెదకుట మానలేదు. వారి పరిశోధకుడు భరత్ భూషణ్ గారు కడప జిల్లా పల్లెలలో తిరిగి, పక్షులు పట్టువారిని, కాపరులను విచారించుచు, దాని బొమ్మను చూపించుచు వచ్చిరి. తుదకు 1986 జనవరిలో, లంకమల కొండల చెంత రెడ్డిపల్లె దగ్గర, రాత్రివేళ దీపపు వెలుతురులో ఆ ఊరివాడొకడు దానిని పట్టి తెచ్చెను. ఆ పట్టిన పక్షి కొద్దికాలమునకే చనిపోయినది గాని, జాతి బ్రదికియున్నదని రుజువైనది. పెద్ద చదువులు చదివినవారు పోయినదనుకొన్న దానిని అడవిలో బ్రదుకు బీదవాడు చూపించెను. ఇది మరువదగిన సంగతి కాదు.

1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. అదే సంవత్సరమున తపాలాశాఖవారు కలివికోడి బొమ్మతో స్టాంపు వేసిరి. స్టాంపు వేసిన మాత్రమున పని ముగిసినదా? లేదు. తరువాత వచ్చిన పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, తెల్లవారుజామున ఆ మట్టిపై పడిన అడుగుజాడలను చూచి పక్షి జాడను తెలిసికొనిరి. తానుగా ఫోటో తీయు కెమెరాలను పెట్టిరి. సంధ్యవేళ దాని అరుపును వినిరి. ఇట్లు చాల రాత్రులు కనిపెట్టిన మీదట, ఆ పక్షికి దట్టమైన అడవియు పనికిరాదు, బోడినేలయు పనికిరాదు, మధ్య మధ్య ఖాళీగల ముండ్లపొదల నేలయే కావలెనని తేలినది. మేకలు మితిమీరి మేసినను, కట్టెలు మితిమీరి కొట్టినను ఆ నేల బోడిదగును. మేత బొత్తిగా మాన్పించినచో పొదలు మూసికొనిపోవును. మంచి మనస్సుతో ఎవరైనను అక్కడ యూకలిప్టస్ తోట వేసినను ఆ పక్షికి చోటు లేకుండ పోవును. మనము బీడు అని పేరుపెట్టి విడిచిన నేల ఒక ప్రాణికి లోకమంతటిలో మిగిలిన ఇల్లు అయియుండెను.

2005లో మరియొక అపాయము వచ్చినది. తెలుగు గంగ కాలువ పని ఆ పొదల నడుమ అనుమతి లేకుండ ఆరంభమైనది. అక్కడ పనిచేయుచున్న పరిశోధకులు చూచి వెంటనే తెలియజేసిరి. పని ఆపబడి, కాలువ దారి మార్చబడినది. చూచువారు ఆ రోజులలో అక్కడ లేకుండినచో ఆ పొదలు తెల్లవారుసరికి మట్టిదిబ్బలై యుండెడివి.

2009 ప్రాంతము తరువాత మరల చాల సంవత్సరములు ఆ పక్షి జాడ తెలియలేదు. 2025 ఆగష్టులో కొందరు పక్షి పరిశీలకులు కడప జిల్లాలో దాని అరుపును వినిరను వార్త వచ్చినప్పుడు, పేరైనను ఎరుగని ఒక పక్షి కొరకు దేశములో ఎందరో సంతోషించిరి. తప్పిపోయిన గొఱ్ఱె దొరకినప్పుడు కలుగు సంతోషమును గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము మనకు జ్ఞాపకము రాదా?

రెండవ పాఠము ఇది. బాగుచేయుట ఒక దినపు పని, కాచుట ప్రతిదినపు పని. కావలివాడు రాత్రియంతయు మేలుకొనియుండవలెను. వానికి జీతము, దీపము, వాహనము, చట్టము తెలిసిన తోడు కావలెను. వార్తాపత్రికలలో పేరు వచ్చిన యేట చందాలు వచ్చును. పేరు రాని పదియేండ్లు ఎవరు ఇచ్చెదరు? సంరక్షణ సంస్థలకు ఒకమారు ఇచ్చు పెద్ద కానుక కంటె ప్రతి సంవత్సరము తప్పక వచ్చు చిన్న చందా ఎక్కువ మేలు. ఆ చందాతోనే అవి ఎవరును చూడని రాత్రులలో కావలి కాయగలవు.

3. బీదవాని వాటా: కొల్లేరు

మూడవ సంగతి చెప్పుట కష్టము. ఎందుకనగా అది మన ఇండ్లలోని సంగతి.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు దానిలో పడును. ఉప్పుటేరు మీదుగా నీరు సముద్రమునకు పోవును. వానకాలమున వరదను తన కడుపులో పెట్టుకొని, మెల్లమెల్లగా విడుచుట దాని పని. కిక్కిస గడ్డి, తామర, నాటుచేపలు, లెక్కలేని పక్షులు దాని సొత్తు. 1946లో ఆ ప్రాంతమున ఆరేడు గ్రామములో గూడబాతులు వందలుగా గూళ్లు కట్టియుండుటను నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు కనుగొనెను. తరువాతి కాలమున ఆ గూళ్లు లేకుండ పోయినవి.

1970ల చివరలో ప్రభుత్వము మత్స్యకారుల సహకార సంఘములకును, బలహీనవర్గములవారికిని చేపల చెరువులు త్రవ్వి ఇచ్చినది. ఉద్దేశము మంచిది. క్రమముగా ఆ చెరువులు లీజుల పేరున ధనవంతుల చేతులలోనికి పోయినవి. కొత్త గట్లు లేచినవి. సరస్సు గళ్లు గళ్లుగా కోయబడినది. 1999లో సముద్రమట్టమునకు ఐదవ కాంటూరు వరకు అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తించిరి. 2006లో సుప్రీంకోర్టు ఆదేశముల మీద గట్లను తెంచిరి. దానినే ఆపరేషన్ కొల్లేరు అనిరి.

గట్లు తెగినవి. సరస్సు బాగుపడినదా? కొంతకాలము కొంతవరకు నీరు పారినది. తరువాత గట్లు చాలచోట్ల మరల లేచినవి. ఐదవ కాంటూరా, మూడవ కాంటూరా అను వాదము యేండ్ల తరబడి నడచినది. డబ్బుగలవాడు మరల గట్టు వేసికొనగలిగెను. లంక గ్రామములలోని కూలివాడు, చిన్న వలవాడు మాత్రము చెరువు పోయినప్పుడు కూలిని, సరస్సు చెడినప్పుడు చేపను, రెండును పోగొట్టుకొనెను. వానికి మారుబ్రదుకు చూపకుండ గట్టు తెంచుటచేత, సరస్సును కాపాడవలసిన వాడే దానికి విరోధియగు పరిస్థితి వచ్చినది.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోని అనేక పేటలను ముంచినప్పుడు మన సంఘములవారు అన్నపు పొట్లములు పట్టుకొని మోకాటిలోతు నీళ్లలో తిరిగిరి. ఆ వరదకు కారణములు పెక్కు. అతివృష్టి ఒకటి, గండ్లు ఒకటి, ఏటి దారిలో ఆక్రమణలు ఒకటి. ఏమైనను ఆ ఏరు చివరకు చేరవలసినది కొల్లేటికే. క్రింద పళ్లెము ఇరుకైనప్పుడు పైన పోసిన నీరు ఎక్కడికి పోవును?

మన సంఘములలో చేపల చెరువులు గలవారున్నారు. ఆ చెరువుల గట్లమీద రాత్రింబవళ్లు కావలి కాచు కూలివారున్నారు. సరస్సులో వల వేసి బ్రదుకువారున్నారు. ముగ్గురును ఒకే బల్లయొద్ద ప్రభు సంస్కారము పుచ్చుకొనుచున్నారు. కోర్టులోను, రాజకీయ సభలలోను ఈ ముగ్గురు ఒకచోట కూర్చుండి మాటలాడుకొనుట అరుదు. సంఘములో కూర్చుండగలరు. అందుచేత ఈ విషయములో సంఘము చేయగల పని మరి ఎవరును చేయలేరని మా నమ్మకము. ఒకని పక్షము వహించి మరియొకని దూషించుట మా ఉద్దేశము కాదు. అయితే సత్యము చెప్పకుండ సమాధానము రాదు. సరస్సు చచ్చినచో ముగ్గురికిని బ్రదుకు లేదు. మొదట నష్టపడువాడు మాత్రము బీదవాడు.

బీదవానికి వాటా ఉన్నచోట పని ఎట్లు నిలుచునో నేలపట్టు చూపుచున్నది. పులికాట్ సరస్సు సమీపమున ఆ గ్రామపు చెరువులో గూడబాతులు గూళ్లు కట్టును. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పొలములకు బలమని ఊరివారు ఎరుగుదురు గనుక, 1976లో అభయారణ్యము కాకమునుపే వాటిని కాపాడుచు వచ్చిరి. కొల్లేటిలోను ఆటపాక వద్ద, చెట్లు చాలనందున అటవీశాఖవారు ఇనుప స్టాండ్లు నిలుపగా, గూడబాతులు వాటిమీదనే గూళ్లు కట్టుచున్నవి. మనము కొంచెము చోటిచ్చినచో సృష్టి తిరిగి వచ్చుటకు సిద్ధముగానే ఉన్నది.

మూడవ పాఠము ఇది. బాగుచేయు మొదటి సంవత్సరమున బీదవాడు ఏమి తినునని అడుగని సంస్థ పని నిలువదు.

ఏ సంస్థకు తోడ్పడవలెను?

ఈ మూడు పాఠములే సంస్థను ఎన్నుకొనుటకు కొలతలు. చెడుటకు కారణమును శోధించి పనిచేయుచున్నదా? పదియేండ్లు ఒకచోట నిలిచి కావలి కాయుచున్నదా? ఆ చోటి బీదలను పనిలోను ఫలములోను భాగస్థులను చేయుచున్నదా? వీటికి నాల్గవది చేర్చుదుము. ప్రతి సంవత్సరము ఆడిటు చేసిన లెక్కలను చూపుచున్నదా? తన పనిలో ఓడిన సంగతులను కూడ నివేదికలో వ్రాయుచున్నదా? అన్నియు జయములే వ్రాసిన నివేదికను జాగ్రత్తగా చదువవలెను.

మన దేశములో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ సామాన్యులను సభ్యులుగా చేర్చుకొనును. 1969లో ఆరంభమైన డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. ఇండియా ఉన్నది. క్రైస్తవ విశ్వాసముతో ఈ పని చేయు ఆ రోషా అను సంస్థయు ఉన్నది. 1983లో ఆంగ్లికన్ గురువైన పీటర్ హారిస్ గారు పోర్చుగల్ దేశములో ఒక నదీముఖము చెంత దానిని ఆరంభించిరి. ఆ భాషలో ఆ పేరునకు బండ అని అర్థము. భారతదేశములో దాని శాఖవారు బెంగుళూరు దగ్గర బన్నేరుఘట్ట ప్రాంతమున ఏనుగులకును రైతులకును కలుగు సంఘర్షణను తగ్గించుటకు పనిచేసిరి. ఇవి గాక మన మన జిల్లాలలో చిన్న సంఘములు, వన సంరక్షణ సమితులు ఉన్నవి. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి పంచాయతీలోను, మునిసిపాలిటీలోను జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండవలెను. చాలచోట్ల అది కాగితము మీదనే ఉన్నది. మన సంఘ పెద్దలు దానిలో చేరి కూర్చుండినచో అది మేలుకొనును.

మన డయోసీసునకు మా మనవులు

మొదటిది. నూరేండ్ల క్రిందట మన దేవాలయములు ఏలాగు లేచినవి? విదేశపు కానుకలు వచ్చిన మాట నిజమే. వాటితో కూడ ప్రతి పూట వంటకు ముందు మన అమ్మమ్మలు తీసి కుండలో వేసిన పిడికెడు బియ్యము ఉన్నది. ఆ పద్ధతిని ఈ పనికిని తెచ్చుకొందము. కోతపండుగలో వేలము వేయగా వచ్చు సొమ్ములో ఒక భాగమును ప్రతి పాస్టరేటు ఏటేట ఒక సంరక్షణ సంస్థకు పంపవలెనని కోరుచున్నాము. ఎంత అనునది ఆయా కమిటీల ఇష్టము. ఏ యేటను మానకుండుట ముఖ్యము.

రెండవది. మన మిషను కాంపౌండులలోను, సమాధుల తోటలలోను పెద్ద చింతలు, మర్రులు, వేపలు, పాత బావులు ఉన్నవి. వాటి లెక్క వ్రాయించి, డయోసీసు అనుమతి లేకుండ ఒక చెట్టును కొట్టరాదని తీర్మానించవలెను. ప్రతి కాంపౌండులో ఒక మూలను గడ్డికిని పొదలకును విడువవలెను. శుభ్రత అనగా నేలను చెక్కివేయుట కాదు.

మూడవది యౌవనస్థులకు. 1987 నుండి ఆసియా దేశములలో ప్రతి జనవరి మాసమున నీటిపక్షులను లెక్కించు కార్యక్రమము జరుగుచున్నది. స్వచ్ఛందముగా వచ్చువారే ఆ పని చేయుదురు. మీ ఊరి చెరువులో ఏ పక్షులు ఎన్ని ఉన్నవో నేర్చుకొని వ్రాయుడి. తీరపు సంఘములవారు గ్రుడ్లు పెట్టుటకు వచ్చు సముద్రపు తాబేళ్లను కాపాడు పనిలో అటవీశాఖవారితోను, స్థానిక సంస్థలతోను చేరుడి. మీ వద్ద సొమ్ము లేకపోవచ్చును గాని కండ్లు, కాళ్లు, తెల్లవారుజామున లేవగల వయస్సు ఉన్నవి.

నాల్గవది డయోసీసు పెద్దలకు. కొల్లేటి చుట్టుపట్లనున్న పాస్టరేటులలో చెరువు యజమానులను, కూలివారిని, వలవారిని ఒకచోట కూర్చుండబెట్టి, ఈ విషయము తెలిసిన సంస్థవారిని పిలిచి, వినుటకు ఒక దినము ఏర్పరచవలెను. ఆ ఒక్క దినమున తీర్పు రాకపోవచ్చును. ఒకరి మాట ఒకరు వినుటయే ఆరంభము.

ప్రియులారా, నూరేండ్ల పండుగలో మనము వెనుకకు చూచి దేవుని స్తుతించుచున్నాము. ముందటి నూరేండ్లలో ఈ దేవాలయములలో కూర్చుండు పిల్లలు మనలను గూర్చి ఏమి చెప్పుకొందురు? మంచి కట్టడములను ఇచ్చిరని చెప్పుదురు. వాటితో కూడ పారెడు ఏరును, పక్షి వాలు చెరువును, ఉప్పెనకు ఎదురు నిలుచు మడచెట్టును ఇచ్చిరని చెప్పునట్లు మనము బ్రదుకుదము. తోటను నాటినవాడు దానిని విడువలేదు. కావలి పనిలో మనలను పిలుచుచున్నాడు. నమ్మకమైన కావలివారిగా ఉండు కృపను ఆయన మనకందరికిని అనుగ్రహించును గాక. ఆమేన్.